వృత్తి: వ్యవసాయం

శాసనసభ ఎన్నికలకు నోటిఫికేషన్ వెలువడిన మొదటి వారంలో మా కోర్టు ఆవరణలో నోటరీల బల్లల చుట్టూ నిలబడటానికి చోటుండదు. నామినేషన్‌తోపాటు అభ్యర్థి దాఖలు చేయవలసిన ప్రమాణపత్రం, అంటే అందరూ ఫారం 26 అని పిలిచే కాగితాల కట్ట, తయారు చేసిపెట్టడం నాలాంటి చిన్న వకీళ్లకు ఐదేళ్లకొకసారి దొరికే పని. అందులో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. చెప్పడానికేమీ లేకపోతే 'లేదు' అనో 'వర్తించదు' అనో రాసి తీరాలి. అందుకని అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్క గడీ అడుగుతూ పోతాం.

ఒక ఎన్నికల్లో నా ముందు కూర్చున్న అభ్యర్థి గురించి చెబుతాను. పేరూ పార్టీ ఇక్కడ అనవసరం. స్థిరాస్తుల పట్టికలో వ్యవసాయ భూమి దగ్గరికి వచ్చాం. ఏ ఊరు, సర్వే నెంబరు ఎంత, విస్తీర్ణం ఎంత, పిత్రార్జితమా కాదా, కొన్నదైతే ఏ తేదీన, ఎంతకు, ఇప్పటి మార్కెట్ విలువ సుమారుగా ఎంత అన్నవి ఆ పట్టిక అడిగే ప్రశ్నలు. ఆయన వెంట వచ్చిన మనిషి ఫైలు తిరగేస్తూ మూడు ఊళ్లలోని సర్వే నెంబర్లు గడగడా చదివి వినిపించాడు. టైపు చేస్తూ, మాటవరసకు, "ఈ ఏడు ఏం వేశారండీ?" అని అడిగాను. అభ్యర్థి ఫైలు పట్టుకున్న మనిషి వంక చూశారు. అతను కాసేపు ఆలోచించి, "పత్తి అనుకుంటా సార్, కౌలుకిచ్చినం గదా" అన్నాడు. ఆ తరవాత తొమ్మిదో అంశం వచ్చింది. అభ్యర్థి వృత్తి ఏమిటని అడిగేది అక్కడే. ఆయన తడుముకోకుండా "వ్యవసాయం" అన్నారు. నేనూ తడుముకోకుండా టైపు చేశాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. పట్టాదారు పాసుపుస్తకాలు ఆయన పేరనే ఉన్నాయి, రెవెన్యూ రికార్డులో ఆయనే రైతు. అయితే అంత పెద్ద పట్టికలో ఏ పంట వేశావు, ఎవరు దున్నారు, ఎంత పండింది, ఎక్కడ అమ్మావు అన్న గడి ఒక్కటి కూడా లేదని నాకు మొదటిసారి తట్టింది ఆ రోజే. అప్పటి నుంచి 'రైతు శాసనసభ్యుడు' అన్న మాట ఎక్కడ విన్నా నేను కొంచెం ఆగి ఆలోచిస్తున్నాను.

మన రెండు రాష్ట్రాల్లోనూ నాయకుల జీవిత పరిచయాలన్నీ ఒకే వాక్యంతో మొదలవుతాయి: ఫలానా ఊళ్లో రైతు కుటుంబంలో జన్మించారు. కాంట్రాక్టరుకూ అదే వాక్యం, కాలేజీలు నడిపేవారికీ అదే, వెంచర్లు వేసేవారికీ అదే. ఆ మాటకు ఊళ్లలో ఉన్న గౌరవం ఒక కారణం. రెండో కారణం గురించి బహిరంగంగా మాట్లాడుకోవడం తక్కువ. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరవాత అభ్యర్థులు తమ ఆదాయ మార్గాలు కూడా చెప్పవలసి వచ్చింది. ఆ గడిలో 'వ్యవసాయం' అని రాసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు, వెనకనుంచి అడిగేవారూ తక్కువ. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా చూస్తే 46వ అంశం వ్యవసాయ ఆదాయంపై పన్ను. అంటే ఆ పన్ను వేయాలా వద్దా అని తేల్చే అధికారం, తమ వృత్తి వ్యవసాయమని రాసుకున్నవారు నిండి ఉన్న ఆ సభదే. చిన్న రైతు మీద పన్ను వేయాలని నేను అనడం లేదు, అలాంటి మాట అన్నవాడు మా ఊళ్లో అడుగుపెట్టలేడు కూడా. ఆ ఒక్క పదం చాటున ఎంతమంది సర్దుకుని కూర్చున్నారో చూడమంటున్నాను.

అదే జాబితాలో 14వ అంశం వ్యవసాయం, 18వ అంశం భూమి, దానిలోనే భూస్వామికీ కౌలుదారుకూ ఉండే సంబంధం. మద్దతు ధర ఢిల్లీలో నిర్ణయమవుతుంది కాబట్టి రైతు భవిష్యత్తంతా పార్లమెంటులో ఉందని మనం అనుకుంటాం గానీ, దున్నేవాడికి ఆ నేల మీద ఏ హక్కు ఉంటుందో తేల్చేది రాష్ట్ర శాసనసభ. కనుక అక్కడ నిజంగా సేద్యం తెలిసినవాడు ఒకడు కూర్చోవడం చిన్న విషయం కాదు. నా వాదన ఏమిటంటే, అతను రైతు ఇంట పుట్టాడా అన్నది దాదాపు పనికిరాని ప్రశ్న. సభ్యుడైన తరవాత కూడా అతని బతుకులో ఎంత భాగం ఆ పొలం మీద ఆధారపడి ఉంది, పొలంలో నేర్చినదాన్ని ఒక ప్రశ్నగానో, ఒక సవరణగానో కాగితం మీద పెట్టగలిగాడా అన్నవి అడగవలసిన ప్రశ్నలు.

ముందు ఆ కుర్చీ దాకా వెళ్లే దారి ఎంత ఇరుకో లెక్క వేసి చూద్దాం. అసెంబ్లీ అభ్యర్థి కట్టవలసిన ధరావతు 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. దానికి ఎవరైనా తట్టుకోగలరు. 2022 నుంచి మన లాంటి పెద్ద రాష్ట్రాల్లో ఒక అసెంబ్లీ అభ్యర్థి చట్టప్రకారం పెట్టగలిగిన ఖర్చు 40 లక్షలు. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. 40 లక్షలు రావాలంటే 532 క్వింటాళ్లు అమ్మాలి. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు దిగుతాయనుకుంటే, విత్తనం, ఎరువు, మందు, కూలి ఏదీ తీయకుండానే, అరవై ఆరున్నర ఎకరాల పంట మొత్తం అందులో పోవాలి. ఇది చట్టం ఒప్పుకున్న ఖర్చు మాత్రమే. చట్టం ఒప్పుకోని ఖర్చు ఎంతో చెప్పుకోవడం అందరికీ తెలిసిన కథ. పత్తి అమ్ముకుని బతికేవాడు పత్తి డబ్బుతో పోటీ చేయలేడు. అతని వెనక ఒక ఉద్యమమో, ఒక సంఘమో ఉంటే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. పోటీ చేస్తున్నవాడు రైతా కాదా అని తెలుసుకోవడానికి అతని పాసుపుస్తకం కన్నా అతని ప్రచార వాహనానికి డీజిలు ఎవరు పోయిస్తున్నారో అడగడం నయం.

తెలుగునాట ఆ తలుపు మొదటిసారి గట్టిగా కదిలింది 1937లో. అప్పటికి ఓటు అందరికీ లేదు, ఆస్తికీ పన్నుకూ ముడిపడి ఉండేది, అయినా శిస్తు కట్టే రైతులు చాలామంది ఓటర్లయ్యారు. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజా ఆ ఎన్నికల్లో తన సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. జమీందారు ఎదుట చెప్పులు చేతపట్టుకుని నడిచే కాలంలో జనం ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేశారంటే, ఆ సాహసం ఎలాంటిదో మనం ఇప్పుడు ఊహించుకోవలసిందే. రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయిన టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ ప్రాంతాల పరిస్థితి మీద విచారణ సంఘం ఏర్పడింది. 1938లో ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా, తొమ్మిది జిల్లాల మీదుగా, 1,500 మైళ్లకు పైగా నడిచారు. 130 రోజులు పట్టింది. సేద్యం చేసేవాడికి 130 రోజులంటే ఒక పంటకాలం. ఒక కారు పంటను వదిలిపెట్టి, లేదా ఇంట్లో ఆడవాళ్ల చేతుల్లో పెట్టి, దారి పొడుగునా సభలు పెట్టి అర్జీలు పోగుచేసుకుంటూ శాసనసభ ఉన్న ఊరికి నడిచివెళ్లడం అన్నమాట.

ప్రకాశం సంఘం నివేదిక భూమికి యజమాని రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసే మనిషి మాత్రమేననీ తేల్చింది. శిస్తులు 1802 నాటి శాశ్వత సెటిల్‌మెంటు స్థాయికి తగ్గాలంది. 1939 జనవరిలో శాసనసభ దాన్ని ఆమోదించింది. ఆ ఏడాది చివర్లో, యుద్ధం విషయమై, మంత్రివర్గం రాజీనామా చేసింది. చట్టం రాలేదు. ఎస్టేట్ల రద్దు చట్టం రావడానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది. రైతు మాట సభలోకి వెళ్లడం వేరు, అది చట్టమై మళ్లీ పొలం దగ్గరికి రావడం వేరు, ఈ రెంటికీ నడుమ పదేళ్లు పట్టవచ్చు. ఒక్క పంటకే తట్టుకోలేని మనిషి పదేళ్లు ఎలా కాచుకుంటాడు?

ఆ రోజుల్లోనే రైతు ఉద్యమ నాయకుడు ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టారు. పల్లె యువకులను కూర్చోబెట్టి ఆర్థికశాస్త్రం, రాజకీయం, ఉద్యమ నిర్వహణ నేర్పే బడి అది. రంగాగారి రాజకీయాలతో నాకు పేచీలున్నాయి గానీ ఈ ఒక్క విషయంలో ఆయన చూపు సరైనది. నాగలి పట్టడం తెలిస్తే చాలు, సభలో మాట్లాడటం దానంతటదే వస్తుందని ఆయన అనుకోలేదు. సర్‌ప్లస్ నీళ్లు ఏ తూము నుంచి ఎటు పోతాయో తెలిసిన రైతు, నీటిపారుదల పద్దు కింద ఆ తూముకు ఎంత కేటాయించారో చదవడం కూడా నేర్చుకోవాలి. ఈ రెండోది నేర్పే బడి ఇప్పుడు ఏ పార్టీకీ లేదు. కొత్త సభ్యులకు రెండు మూడు రోజుల శిక్షణ తరగతులు పెడతారు, ఫోటోలు వస్తాయి, అంతే.

రంగాతో పేచీ ఏమిటంటే, ఆయన 'రైతు' అన్నప్పుడు ఆ మాటలో పాలేరు ఎక్కడున్నాడో తెలిసేది కాదు. అదే కాలంలో నెల్లూరు జిల్లా అలగానిపాడులో, ఆస్తిపాస్తులున్న ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. అంటే తన ఇంటి పొలంలో పనిచేసేవాళ్లను తన ఇంటి మీదికే కూడగట్టారని అర్థం. తన వాటా ఆస్తిని ఆయన కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేశారు. తరవాత గన్నవరం నుంచి శాసనసభకు గెలిచి, ప్రతిపక్ష నాయకుడిగా ఆయన చేసిన ప్రసంగాలకు లెక్కలతో, అంకెలతో వస్తారన్న పేరు వచ్చింది. ఆయన సైకిలు మనందరికీ గుర్తుంది. ఆయన తెచ్చిన అంకెలు ఎవరికి గుర్తున్నాయి?

సైకిలు అనగానే మా వైపు అందరికీ గుర్తొచ్చేది గుమ్మడి నర్సయ్య. నేను ఇంతసేపూ చెప్పదలచుకున్న మనిషి నిజానికి ఆయనే. మా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, టేకులగూడెం అనే పల్లెలో, కోయ రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. ఎస్టీలకు కేటాయించిన ఇల్లందు స్థానం నుంచి 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికల్లో ఐదుసార్లు గెలిచారు. 1994లో ఒకసారి, 2009లో మరోసారి ఓడారు. విప్లవ కమ్యూనిస్టు ఉద్యమం నుంచి వచ్చిన నాయకుడు, తరవాతి కాలంలో ఆయన పార్టీ సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీగా అందరికీ తెలుసు. నియోజకవర్గంలో సైకిలు మీద, హైదరాబాదుకు ఆర్టీసీ బస్సులో తిరగడం, జీతాన్ని పార్టీకి ఇచ్చేయడం, పదవి పోయాక సొంత ఊరికీ సేద్యానికీ తిరిగి వెళ్లడం, ఇవి ఆయన గురించి పత్రికల్లో పదేపదే వచ్చిన సంగతులు.

ఈ సంగతులను మనం చెప్పుకునే తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. ఆయన గురించి మాట్లాడే ప్రతివారూ, ఐదుసార్లు గెలిచి ఏం వెనకేసుకున్నాడు పాపం, అన్న దగ్గర ఆగుతారు. ఆ 'పాపం'లో మెచ్చుకోలు ఎంతో, చేతగానితనం అన్న ఎకసెక్కెం అంతే ఉంటుంది. మెచ్చుకున్నవాళ్లే మరుసటి ఎన్నికల్లో ఎవరి వెనక ఎక్కువ కార్లున్నాయో చూసి అటు నడుస్తారు. ఆయన నిరాడంబరతను విగ్రహం చేసి పెట్టుకుంటే మనకు సుఖం, ఎందుకంటే విగ్రహాన్ని ఎవరూ అనుసరించనక్కరలేదు.

అసలు చూడవలసింది ఇల్లందు నేలను. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైన చోటు అది. కింద బొగ్గు, పైన అడవి, ఆ రెంటి మధ్య పోడు కొట్టుకుని బతికే కోయలు, లంబాడీలు. అక్కడ రైతు అంటే పాసుపుస్తకం ఉన్న మనిషి అనుకుంటే సగం ఊరు రైతులు కాకుండా పోతుంది. తరతరాలుగా దున్నిన చెలకను అటవీశాఖ ఒక కందకంతో తనదని చెప్పగలదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో తెచ్చిన 1/70 నిబంధన ఉంది, దాన్ని దాటుకుపోయే దారులూ ఊరూరా ఉన్నాయి. ఎండాకాలంలో పొలం పని ఉండదు కాబట్టి బీడీలు చుట్టే తునికాకు కట్ట మీద వచ్చే రూపాయే వానాకాలం విత్తనాలకు పెట్టుబడి. ఇలాంటి చోట పుట్టి, ఈ పనులన్నీ చేతులతో చేసినవాడు సభలో లేచి పోడు గురించో, ఆకు రేటు గురించో అడిగినప్పుడు, అధికారి రాసిచ్చిన జవాబులో ఏ మాట డొల్లో అతనికి వెంటనే తెలుస్తుంది. సైకిలు తొక్కడం కన్నా ఇది పెద్ద అర్హత. అతని జీతం పార్టీకి పోయిందంటే అతని తిండి మళ్లీ ఆ పొలం నుంచే, ఆ ఉద్యమం నుంచే రావాలి. కాబట్టి పొలంలో ఏం జరుగుతోందో మర్చిపోయే వీలు లేదు. త్యాగం అని మనం పిలుస్తున్నది, నా లెక్కలో, అతన్ని రైతుగా నిలిపి ఉంచిన కట్టుగొయ్య.

ఒక పార్టీ మనిషిని ఇంతగా మోస్తున్నాడేమిటని కొందరు అనుకోవచ్చు. ఆయన పార్టీ సిద్ధాంతంతో నాకు పని లేదు, నేనెప్పుడూ ఆ వైపు ఓటు వేసినవాణ్ణి కూడా కాదు. ఇంకో గట్టి అభ్యంతరం ఉంది, దానికి జవాబు చెప్పాలి. చిన్న పార్టీ నుంచి, ఎక్కువకాలం ఒంటరిగా సభలో కూర్చున్న మనిషి ఎన్ని చట్టాలు తెచ్చాడు? నిజమే, తేలేడు. 294 మంది ఉన్న ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో ఒక్కడు ప్రశ్న వేయగలడు, సావధాన తీర్మానానికి నోటీసు ఇవ్వగలడు, పద్దుల మీద దొరికిన ఐదు నిమిషాలు మాట్లాడగలడు, అప్పటికే స్పీకరు గంట కొడతారు. అలాంటివాళ్లు ముప్పై మంది ఎందుకు రాలేకపోయారన్నది మనల్ని మనం అడుక్కోవలసిన ప్రశ్న గానీ, వచ్చిన ఒక్కడి మీద వేయవలసిన నేరం కాదు.

ఇక సభ నడిచే కాలం చూడండి. రాజ్యాంగం 174వ అధికరణ ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు, అంతకు మించి ఏ నియమమూ లేదు. ఏడాది మొత్తంలో సభ నెల రోజులు కూడా కూర్చోని సంవత్సరాలు మనకు కొత్త కాదు. అన్నిటికన్నా పొడుగైన బడ్జెట్ సమావేశాలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. మా జిల్లాలో అప్పుడు మిర్చి కోత. ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వచ్చి చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని ఉంటారు. కల్లంలో ఆరబోసిన కాయ మీద ఒక్క వాన పడినా రంగు పోతుంది, మంచి కాయలోంచి తాలు ఏరేవాళ్లు రోజంతా వంగి కూర్చుంటారు. ఆ నెలలో సొంత మిర్చి ఉన్న రైతు హైదరాబాదులో ఉండటమంటే ప్రాణం ఒకచోట, మనిషి ఒకచోట. వానాకాల సమావేశాలప్పుడు యూరియా లైన్లు, పత్తికి పురుగు. శీతాకాలంలో వరి కోతలు, పత్తి తీతలు. సేద్యానికి సెలవు లేదు. వకీలు తన కేసుకు వాయిదా తీసుకుని సభకు పోవచ్చు, వ్యాపారి మేనేజరుకు అప్పజెప్పవచ్చు, రైతు మాత్రం ఎవరికో ఒకరికి పొలం అప్పగించాలి. అలా అప్పగించిన ఏడాదికే అతను రైతు కావడం మానేసి భూయజమాని కావడం మొదలుపెడతాడు. రెండు దఫాలు గెలిచేసరికి అతనికి గుర్తుండేది కౌలు డబ్బు వచ్చే తేదీ.

ఈ మార్పు ఎంత చప్పుడు లేకుండా చట్టంలోకి దిగుతుందో కౌలు చట్టాలు చూపిస్తాయి. 2011లో ఉమ్మడి శాసనసభ భూఅధీకృత సాగుదారుల చట్టం చేసింది. కౌలుదారుకు ఏడాదికి ఒక రుణ అర్హత కార్డు ఇస్తారు, యజమాని హక్కుకు దానివల్ల ఏ భంగమూ ఉండదని చట్టంలోనే రాశారు. కార్డు తీసుకుని బ్యాంకుకు వెళ్తే, అదే భూమి మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒక నేల మీద రెండు అప్పులు ఇవ్వరు. ఈ సంగతి కౌలుకు చేసిన ఎవరికైనా తెలుసు, బిల్లు చర్చకు వచ్చినప్పుడు సభలో కూర్చున్నవారిలో కౌలుకు చేసినవాడు ఒక్కడున్నా ఇంకొక క్లాజు అడిగేవాడు. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, యజమాని సంతకం తప్పనిసరి. సంతకం పెట్టే యజమాని దొరికితే కౌలుదారుకు చట్టంతో పనేముంది? తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరాకు 4,000 రూపాయలు, తరవాత 5,000. ఇప్పుడు రైతు భరోసా పేరుతో ఏడాదికి 12,000. ఆ డబ్బు పడేది పట్టాదారు ఖాతాలో. కౌలు అనేది యజమానికీ కౌలుదారుకూ మధ్య సొంత వ్యవహారమన్న వాదన పాలకుల నోటే వినిపించింది. ఫారం 26 అడగని ప్రశ్ననే ఆ పథకమూ అడగలేదు: దున్నింది ఎవరు?

ఇంత నిష్ఠగా మాట్లాడుతున్న నేను ఎవరో కూడా చెప్పాలి. మా నాన్న పోయాక నా పేరున మూడెకరాల పన్నెండు గుంటలు మారింది. నేను పట్నంలో ఉంటాను, ఆ చేను వరసకు మామ అయ్యే ఒకాయన పదకొండేళ్లుగా కౌలుకు చేస్తున్నాడు. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు 'వృత్తి' దగ్గర 'న్యాయవాది' అని రాస్తాను గానీ, ప్రభుత్వం లెక్కలో నేను రైతునే. ప్రతి పంటకూ నా ఫోనుకు మెసేజీ వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు మామ అడిగాడు: "అల్లుడూ, పైసలు పడ్డయంట గదా?" పడ్డాయని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ ఏడు కౌలులో కొంత తగ్గించుకున్నాను, తగ్గించినంత మేర నాకు నేనే మంచివాణ్ణని చెప్పుకున్నాను. మొత్తం ఇచ్చేయాలన్న ఆలోచన వచ్చినమాట నిజం, వచ్చి పోయినమాటా నిజం.

పోయిన పత్తి సీజనులో ఆయన పొద్దున్నే పట్నం వచ్చాడు. కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రంలో పత్తి పెట్టాలంటే నా పాసుపుస్తకం నకలు, నా ఆధారు కావాలి. తేమ ఎనిమిది శాతం దాటితే ధర తగ్గిస్తారు, పన్నెండు దాటితే తీసుకోరు కాబట్టి రెండు రోజులు ఎండబెట్టి, రాత్రుళ్లు మంచు పడకుండా పరదాలు కప్పి, ట్రాలీ కట్టుకుని తెచ్చాడు. వేళ్ల చివర్లు పత్తికాయ ముళ్లకు గీరుకుని నల్లబడి ఉన్నాయి. నకళ్లు ఇచ్చాను. డబ్బు నా ఖాతాలో పడుతుంది, పడ్డాక తీసి ఇస్తాను, ఇది మాకు అలవాటైన పద్ధతి. టీ తాగి లేవబోతూ జేబులోంచి మడిచిన తెల్లకాగితం తీశాడు.

"ఈ ఒక్కటి రాసియ్యి అల్లుడూ. ఫలానా నెంబరు చేను నేను చేస్తున్నా అని. బ్యాంకాయన ఏదో ఒక కాగితం తెమ్మన్నడు."

నేను వకీలును. రెండు వాక్యాలు రాయడానికి నాకు నిమిషం పట్టదు. అయినా ఆ క్షణంలో నాకు 1950 నాటి కౌలుదారీ చట్టం, రక్షిత కౌలుదారులు, వాళ్లను ఆ భూమికి యజమానులను చేసిన 38-ఇ సర్టిఫికెట్లు, మా తాతల కాలంలో కాగితం రాసిచ్చి భూమి పోగొట్టుకున్నవాళ్లని చెప్పుకునే కథలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇప్పటి చట్టంలో అలాంటి ప్రమాదం లేదని ఇంకొకరికైతే ఫీజు తీసుకుని మరీ చెప్పేవాణ్ణి. "చూసి రాస్తాలే మామా, భాష జాగ్రత్తగా ఉండాలి" అన్నాను. ఆయన సరేనని ట్రాలీ దగ్గరికి వెళ్లిపోయాడు.

మళ్లీ నోటిఫికేషన్ వస్తే ఫారాలు తీసుకుని అభ్యర్థులు నా బల్ల దగ్గరికి వస్తారు. తొమ్మిదో అంశం దగ్గర వాళ్లు ఏం చెబుతారో నాకు తెలుసు. మామ ఇచ్చిన తెల్లకాగితం అదే బల్ల సొరుగులో, మడత విప్పకుండా, అలాగే ఉంది.